రెండో ట్రెన్‌హామ్

తాడు తెగిన రోజు

ఈ పుస్తకంలో పేల్చిన తూటాలు, గాలి వాలు, ఏటి మట్టం తప్ప ఇంకేమీ రాయకూడదని మొదటి పేజీలో ఉంది. రాసింది మా నాన్న. ఆయన పద్ధెనిమిదేళ్లపాటు నింపిన పేజీల్లో అనవసరమైన మాట ఒక్కటీ లేదు, చదవబుద్ధేసే మాటా ఒక్కటీ లేదు. నాకు అలా రాయడం చేతకాదు.

పొద్దున్నే ఎగువనుంచి వేళ్లతో సహా కొట్టుకొచ్చిన మద్దిచెట్టు తాడుని తగులుకుని లాక్కుపోయింది. ఏటా తెగేదే. కాకపోతే ఏటా శ్రావణం మధ్యలో తెగుతుంది, ఈసారి ఆషాఢంలోనే తెగింది. మట్టం ముప్పై ఒకటో మెట్టు. గాలి పడమర.

మాది తూర్పు గట్టు. తుపాకీ గది, కొలిమి, మందుల గది మా వైపు ఉన్నాయి. పొలాలు పడమటి గట్టున ఉన్నాయి. మధ్యన పావు మైలు వెడల్పున ఏరు. మూగ ఏడాది వచ్చి వైర్లలో మాటలు, మోటార్లలో ప్రాణం పోయాక, వరద రోజుల్లో ఈ రెండు గట్లకీ ఉన్న దారి ఒక తాడూ దానికి వేలాడే బుట్టా మాత్రమే. కార్తీకం దాకా ఏట్లో పడవ నిలవదు. తాడు తెగితే తుపాకీతో సన్నదారం అవతలికి విసురుతాం. అవతలివాళ్లు దారం లాగితే దాని వెనక పురి, పురి వెనక మోకు వెళ్తాయి. ఆ తుపాకీకి తూటాలు తయారుచేసేది నేను, లక్కోజు సింహాద్రాచారిని. పేల్చేది నా బావమరిది కాశీ.

ఈసారి మా ఆవిడ వరహాలు అవతల ఉండిపోయింది. నూకాలమ్మ కోడలికి పురుడు పొయ్యడానికి నాలుగు రోజుల కిందట బుట్టలో వెళ్లింది. పురుడు మొదటి రోజే సుఖంగా అయిందని తెల్లగుడ్డ ఎగరేశారు. మర్నాడు తిరిగి రావలసిన మనిషి ఎందుకు ఆగిందో తెలియదు. చుట్టాలింటికి వెళ్తే కూచోబెట్టి మాట్లాడేవాళ్లు దొరకాలే గానీ, మా ఆవిడకి ఇల్లు గుర్తుండదు.

2వ రోజు

మూడు తూటాలు పేల్చాం. మూడూ వృథా.

తూటా మందు నింపే గుల్లలు ఉన్నవి ఐదే. ఇత్తడివి, నా మణికట్టంత లావు. మూగ ఏడాదికి ముందు ఏదో ఓడలో మనుషుల్ని కాపాడ్డానికి వాడిన తుపాకీ ఇది. కొత్త గుల్లలు చేసేవాళ్లు ఈ భూమ్మీద లేరు. మూడింటిని నిరుడే నింపి ఉంచాను, రెండు ఖాళీగా ఉన్నాయి.

మొదటి దారాన్ని గాలి దిగువకి ఈడ్చేసింది. రెండోది మధ్యలో తెగింది. మూడోది అవతలి బండ మీద పడింది. దానికోసం పరిగెత్తినవాళ్లలో వరహాలు ఉంది. యాభై ఆరేళ్ల మనిషి, చీర ఎగ్గట్టి అందరికంటే ముందు పరిగెత్తింది. ఆమె చేతికి అందేలోపు దారం జారి నీళ్లలో పడింది. కాశీ తుపాకీ దించాడు. మళ్లీ నింపుతాను, రేపు కొడుదువుగాని అన్నాను.

3వ రోజు

పేలిన గుల్ల ఉబ్బుతుంది. ఉబ్బిన గుల్ల మళ్లీ తుపాకీలో దూరదు. దానికి ఆముదం రాసి, నడుమ కంత ఉన్న ఉక్కు డైలో పెట్టి, ప్రెస్ పిడి మీద బరువు వేసి నొక్కితే పాత కొలతకి వస్తుంది. తుపాకీకో కొలత, కొలతకో డై. మా తుపాకీ డై మీద ట్రెన్‌హామ్ అని చెక్కి ఉంటుంది. ఎక్కడో రేవుపట్నంలో అన్నదమ్ములు పెట్టుకున్న చిన్న దుకాణం అది. మూగ ఏడాదికి ముప్పై ఏళ్ల ముందే మూతపడిందట.

చచ్చిపోయిన కంపెనీల డైలు పోగెయ్యడం నాకున్న పిచ్చి. నలభై మూడు ఉన్నాయి. వారానికోసారి బయటికి తీసి నూనె రాసి, మెత్తటి గుడ్డలో చుట్టి పెడతాను. "ఇనప పిల్లలకి తలంట్లు అయినాయా?" అని వరహాలు ఎగతాళి చేసేది. మాకు పిల్లలు లేరు. ఆ మాట ఆవిడ నవ్వుతూనే అనేది, నేనూ నవ్వేవాణ్ణి.

ఈ రోజు రెండు గుల్లలు నొక్కి, నింపి కాశీకి ఇచ్చాను. తుపాకీ మూత పడలేదు. గుల్ల సగం పైదాకా దూరి బిగుసుకుంటోంది. ఇత్తడి పాతబడిందన్నాను. తుపాకీలో మసి ఉందన్నాను. కాశీ గొట్టం తోమి తెచ్చాడు. అయినా పడలేదు. నువ్వు తోమడం సరిగా లేదని వాడి మీద విసుక్కున్నాను.

వాన కాసేపు తెరిపిచ్చినప్పుడు దుర్భిణితో చూశాను. మా దుర్భిణికి ఒక కన్నే మిగిలింది. బండ మీద తెల్లగుడ్డ ఉంది, అందరూ క్షేమం. పక్కన మా గళ్ల తువ్వాలు ఆరేసి ఉంది. అది మా ఇద్దరి సొంత గుర్తు, అన్నం తిన్నానని. వరహాలు ఎండలో నిలబడి గుండె దగ్గర ఏదో పట్టుకుంది. తళుక్కుమని మెరిసింది. స్టీలు గ్లాసు అనుకున్నాను. గంజి తాగానని చెబుతోందనుకుని, నేను నా కంచం ఎండకి తిప్పి మెరిపించాను, నేనూ తిన్నాను అని. ఆవిడ తల అడ్డంగా ఊపింది. నా కంచం చూసి నవ్వుతోందనుకున్నాను.

4వ రోజు

తప్పు ఇత్తడిది కాదు, తుపాకీది కాదు, కాశీది కాదు. కొలత సాధనం తీసి డై కంత కొలిచాను. వెంట్రుకవాసి పెద్దదైంది. పెద్దది చేసినవాణ్ణి నేనే.

ఏటా మాఘ సంతలో మా డైల పిచ్చివాళ్లందరం కలుస్తాం. అక్కడ ఒక ఆచారం ఉంది. డైని సూర్యుడికి ఎత్తిపట్టి, కంతలోంచి చూసి, మెరుపుని బట్టి మెచ్చుకుంటారు. పనిచేసే డై లోపల మసకగానే ఉంటుంది. నా ట్రెన్‌హామ్‌ని చూసి ఎప్పుడూ ఎవరూ ఆగేవారు కాదు. మొన్న పుష్యంలో తొమ్మిది రోజులు కూచుని, నూనెలో కలిపిన కురువింద పొడితో కంత లోపల రుద్దాను. సంతలో అందరూ దాన్ని అద్దం డై అన్నారు. నేను ఆ మాట మీద ఒక నెల బతికాను.

సంత నుంచి వచ్చాక పాత గుల్ల ఒకటి నొక్కి చూస్తుంటే వరహాలు చెప్పనే చెప్పింది. గుల్లలకి ఆముదం రాసేది ఆవిడే. "ఏవండీ, గుల్ల మరీ సులువుగా దిగిపోతాంది. ఇదివరకు పిడి మీద ఇద్దరం ఏలాడితే గానీ దిగేది గాదు" అంది. నునుపు చేశాను కదా, అందుకే దిగుతోంది, నీ పురుళ్ల సంగతి నువ్వు చూసుకో అన్నాను. ఆవిడ ఆముదం గిన్నె పక్కన పెట్టి లేచిపోయింది. మళ్లీ ఆ ఊసెత్తలేదు.

ఇంకోటి కూడా రాయాలి. నా దగ్గర ట్రెన్‌హామ్‌లు రెండు ఉండేవి. రెండేళ్ల కిందట రెండోదాన్ని చిదానందానికి ఇచ్చేశాను. ఆయనది పడమటి గట్టున ఎగువ పల్లె. జన్మలో ఒక్క గుల్ల నొక్కిన మనిషి కాదు, డైలన్నీ అద్దాల బీరువాలో పెట్టుకుని చూసుకుంటాడు. బదులుగా ఏడో కుల్‌గోడ్ తీసుకున్నాను. కుల్‌గోడ్ అన్నదమ్ములు మొత్తం ఏడు కొలతల డైలు చేశారు, ప్రతిదాని మీదా చిన్న పువ్వు. అన్న పోయాక తమ్ముడు ఒక్కడూ చేసిన ఏడోదాని పువ్వుకి ఒక రేకు తక్కువ. ఏడూ ఉన్నది ఈ కొండల్లో నా ఒక్కడి దగ్గరే. పనికొచ్చే డై ఇచ్చి, రేకు తగ్గిన పువ్వు తెచ్చుకున్నాను.

5వ రోజు

పొద్దున బండ మీద పసుపు గుడ్డ. జ్వరం.

వరహాలుకి చలిజ్వరం ఏటా వానల్లో తిరగబెడుతుంది. మందుల గది చూసే సుగుణ సింకోనా బెరడుతో చేసిన మాత్రలు వేసుకుంటే నాలుగు రోజుల్లో దిగుతుంది. ఒక్కరోజు పని కదా అని మాత్రలు తీసుకెళ్లలేదు. దేవుడి గూట్లో సీసా అలాగే ఉంది.

సుగుణ దగ్గరికి వెళ్లాను. మాత్రలు లేకుండా ఎన్నాళ్లు తట్టుకోగలదని అడిగాను. ఆ అమ్మాయి అబద్ధం చెప్పదు. వారం దాకా భయం లేదనీ, పది దాటితే తను ఏమీ చెప్పలేననీ అంది. ఆ పైన చాలాసేపు నా వైపు చూడకుండా సీసాలు సర్దింది.

6వ రోజు

ఒక గుల్లని రాతి మీద అరగదీసి సన్నం చేశాను. తుపాకీ మూత పడింది. కాశీ పేల్చాడు. గుల్ల నిలువునా చీలిపోయింది. దారం ముప్పై గజాలు పోయి నీళ్లలో పడింది, కాశీ కనుబొమలు కాలాయి. ఇక నాలుగు గుల్లలే మిగిలాయి.

ఎవరికీ చెప్పని మాట ఒకటి ఇక్కడ రాస్తున్నాను. ఏడో కుల్‌గోడ్ కంత మా కొలతకంటే చిన్నది. బయటి మర మాత్రం మా ప్రెస్‌లో సరిగ్గా పడుతుంది. దాన్ని కొలిమిలో మెత్తబరిచి, లేతు మీద కంత పెద్దది చేసి, మళ్లీ గట్టిపరిస్తే ట్రెన్‌హామ్ చేసే పని చెయ్యచ్చు. గట్టిపరిచేటప్పుడు పగిలిపోనూ వచ్చు. పగలకపోయినా అది ఇక కుల్‌గోడ్ కాదు.

పెట్టె తెరిచి చూశాను. ఏడూ వరసగా ఉన్నాయి. మళ్లీ మూసేశాను. రేపు గాలి మారితే పాత దారం ఏదైనా బండకి తగులుకుని దొరకచ్చని నాకు నేనే చెప్పుకున్నాను.

8వ రోజు

గాలిపటం ఎగరేశాం. ఏటి మధ్య సుడిగాలి దాన్ని మూడుసార్లు నీళ్లలో ముంచింది. ఈత కొట్టి వెళ్తానని కాశీ అంగీ విప్పాడు. పోయిన ఏడాది అలా దిగిన ఇద్దరూ ఎటు పోయారో గుర్తుచేసి, చెయ్యి పట్టుకుని ఆపాను. ఎగువ వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్లడానికి ఆ వంతెన కూలి ఆరేళ్లయింది.

మధ్యాహ్నం ఎండ వచ్చింది. వరహాలుని ఇద్దరు పట్టుకుని బండ మీదకి తెచ్చి కూచోబెట్టారు. ఒళ్లంతా దుప్పటి. దుప్పట్లోంచి చెయ్యి తీసి మళ్లీ ఆ గ్లాసే గుండె దగ్గర పట్టుకుంది. ఎండకి మెరిపించడానికి చెయ్యి నిలవడం లేదు. నేను కంచం మెరిపించాను. తల అడ్డంగా ఊపింది. ఈసారి నవ్వు కాదని తెలిసింది. తినలేకపోతున్నానని చెబుతోందేమో అనుకున్నాను. ఏ గుడ్డకి ఏ అర్థమో రాసుకున్న గుడ్డల పుస్తకం తిరగేశాను. మెరుపుకి అర్థం అందులో లేదు.

సాయంత్రం పెట్టె మళ్లీ తెరిచాను. సిగ్గు లేకుండా రాస్తున్నాను, ఏడోదాన్ని చేతిలో పట్టుకుని, దానికి నూనె రాసి లోపల పెట్టేశాను.

11వ రోజు

నిన్నా ఇవాళా ఆవిడ బండ మీదకి రాలేదు. పసుపు గుడ్డ ఉంది, తువ్వాలు లేదు.

పొద్దున కొలిమి దగ్గర కాశీకి కుల్‌గోడ్ సంగతి చెప్పాను. వాడు అంతా విని, కాసేపు ఆ డైని చేతిలో తిప్పి చూశాడు.

"ఎప్పుడు తట్టింది బావా నీకు?"

ఆరో రోజున అన్నాను. వాడు నన్ను కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది. వరహాలుకి వాడు తమ్ముడే గానీ, తల్లి పోయాక ఎత్తుకుని పెంచింది ఆవిడే. వాడు డైని జాగ్రత్తగా నా చేతిలో పెట్టి, తిత్తి పిడి పట్టుకున్నాడు.

"కొలిమి ఎలిగించు" అన్నాడు.

సాయంత్రం దాకా తిత్తి ఊదుతూనే ఉన్నాడు.

12వ రోజు

కుల్‌గోడ్ నిప్పుల్లో ఎర్రబడి, బూడిదలో చల్లారి, మెత్తబడింది. పువ్వు నల్లగా మాడింది. కాశీ లేతు తొక్కుతుంటే నేను కంత కోశాను. చాలాకాలానికి నా చెయ్యి పనివాడి చెయ్యిలా కదిలింది. ఇన్నేళ్లూ నేను తుడిచినదీ, ముద్దు చేసినదీ చచ్చిపోయిన కమ్మరుల పనిని. నేనూ కమ్మరి కొడుకునేనని మరిచిపోయాను. కుల్‌గోడ్ తమ్ముడు ఇప్పుడు నన్ను చూస్తే తిట్టడు, ముందే ఎందుకు చెయ్యలేదని అడుగుతాడు.

ఒక్కసారే కోసేస్తే మళ్లీ పెద్దదైపోతుంది. కోసి, కొలిచి, మళ్లీ కోసి, పొద్దు గుంకేలోగా కొలతకి ఒక గీటు తక్కువలో ఆపాను. గట్టిపరిచాక ఎంత మారుతుందో చూసుకుని మిగిలింది రుద్దాలి. రుద్దడం నాకు బాగా వచ్చు కదా.

13వ రోజు

ఇవాళ వాన పట్టు వదల్లేదు. నిప్పు నిలవక పని సాగలేదు. కాశీ, నేనూ కొలిమి మీద తాటాకులు కప్పుకుంటూ కూచున్నాం.

సాయంత్రం తెరిపిచ్చాక దుర్భిణి పెట్టాను. పసుపు గుడ్డ ఉంది. దాని పక్కన గళ్ల తువ్వాలు ఆరేసి ఉంది. మూడు రోజుల తర్వాత మళ్లీ వచ్చింది. తిన్నదన్నమాట. నేను కాశీకి చూపించాను. వాడు దుర్భిణి తీసుకుని చూసి, చాలాసేపటికి, "తిన్నట్టుంది బావా" అన్నాడు. ఈ పదమూడు రోజుల్లో ఇవాళ కడుపునిండా అన్నం తిన్నాను.

14వ రోజు

ఎర్రగా కాల్చి నూనెలో ముంచాను. చిట్లిన శబ్దం వస్తుందేమోనని చెవిపెట్టి విన్నాను. రాలేదు. డై నిలిచింది. లోపల మసకగా ఉంది, మెరుగు పెట్టలేదు. కావలసినంత మేర రుద్దాను, అంతే.

నాలుగు గుల్లలు నొక్కాం. పిడి మీద నేనూ కాశీ ఇద్దరం వేలాడితే గానీ దిగలేదు. తుపాకీ మూత చక్కగా పడింది. చీకటి పడింది గనక రేపు పొద్దున పేల్చాలి. పసుపు గుడ్డ, తువ్వాలు రెండూ అలాగే ఉన్నాయి.

15వ రోజు

ఒక తూటా. గాలి లేదు. మట్టం ఇరవై ఆరు.

దారం బండ దాటి పొదల్లో పడింది. అవతలివాళ్లు పట్టుకున్నారు. పురి వెళ్లింది, మోకు వెళ్లింది, మధ్యాహ్నానికి బుట్ట కట్టాం. మాత్రల సీసా బెల్లం ముక్కతో కలిపి గుడ్డలో మూటకట్టాను, చేదంటే ఆవిడకి పడదు. బుట్ట అవతలికి వెళ్లింది. తిరిగి వచ్చినప్పుడు అందులో నూకాలమ్మ ఉంది. ఒళ్లో నేను కట్టిన మూట ఉంది, ముడి విప్పలేదు.

నేను ఆ మూటనే చూశాను. నూకాలమ్మ బుట్ట దిగకుండానే చెప్పింది.

"మొన్న పొద్దున్నే పోయింది బాబూ. కొండెనక మట్టి చేసేం."

పసుపు గుడ్డ ఎందుకు ఉంచారని కాశీ అడిగాడు. తువ్వాలు ఎవరు ఆరేశారని నేను అడిగాను. తనే ఆరేశానంది.

"మీ కొలిమి పొగ లేచిందని మేం చెబితే, ఆవిడే చెప్పింది. తాడు వచ్చేదాకా నల్లగుడ్డ ఎగరెయ్యొద్దు, ఆయనకి చెయ్యి వణుకుద్ది, డై పాడవుద్ది అంది. తువ్వాలు రోజూ ఆరెయ్యమంది, లేపోతే ఆయన తిండి తినడు అంది."

ఈ గుడ్డ విషయంలో అవతలి గట్టు మొత్తం నాకు అబద్ధం చెప్పింది. వాళ్లకి నేను దణ్ణం పెట్టాలో, తిట్టాలో తెలియలేదు. గట్టు మీద కూచున్నాను. కాశీ నా పక్కన కూచుని, అక్క పేరు పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. సాయంత్రం అవతల నల్లగుడ్డ ఎగిరింది. నాకు అప్పుడు ఏడుపు వచ్చింది.

నేను ఆరో రోజునే కొలిమి వెలిగించి ఉంటే పదో రోజుకి మాత్రలు చేరేవి. ఈ వాక్యం ఈ పుస్తకంలో ఉండాలి. నా తర్వాత తుపాకీ గది చూసేవాడు ఎవడైనా దీన్ని చదవాలి.

16వ రోజు

నూకాలమ్మ నిన్న వరహాలు సంచి నా పక్కన పెట్టి వెళ్లింది. ఇవాళ విప్పాను. పురిటి కత్తెర, ఆముదం సీసా, ఒక చీర. అడుగున గళ్ల తువ్వాలు, గట్టిగా చుట్టి ఉంది. బరువుగా తగిలింది.

లోపల ట్రెన్‌హామ్ ఉంది. రెండోది. నేను చిదానందానికి ఇచ్చేసినది.

నూకాలమ్మని పిలిచి అడిగాను. పురుడైన మర్నాడు వరహాలు బుట్ట ఎక్కకుండా ఎగువ పల్లెకి నడిచి వెళ్లిందట. మా ఆయన డై పాడైపోయింది, చెబితే ఒప్పుకోడు, వరద రాకముందే తెచ్చి పెట్టేస్తాను అందట. చిదానందం మొదట ఇవ్వనన్నాడు. ఏం తెచ్చినా వద్దన్నాడు. చివరికి వరహాలు ఒక మాట ఇచ్చి తెచ్చుకుంది.

"మాఘ సంతలో పదిమందిలో, నీ బీరువాయే పెద్దది చిదానందం అని మా ఆయన చేత చెప్పిత్తాను అంది. ఆ ముసలాడు దానికి పడిపోయేడు. నవ్వుకుంటా వచ్చింది మీ ఆవిడ. తాడు తెగిపోయేక ఆ డై చేత్తో పట్టుకుని రోజూ బండ మీద నుంచునేది. మీకు తెలవాలని."

అది స్టీలు గ్లాసు కాదు. మూడో రోజూ, ఎనిమిదో రోజూ ఆవిడ ఎండలో ఎత్తి చూపింది ఇదే. నేను కంచం తిప్పి, నేనూ తిన్నానని మెరిపించాను. కాదు, కాదు అని తల ఊపింది. నాకు కావలసినది ఆవిడ చేతిలో ఉంది. అది నాకు చేరాలంటే తాడు కావాలి. తాడు వెయ్యాలంటే అది కావాలి. ఆవిడకి కావలసినది నా దేవుడి గూట్లో ఉంది.

కంత కొలిచాను. సరిగ్గా ఉంది, వెంట్రుకవాసి తేడా లేదు. లోపల దుమ్ము పట్టి మసకగా ఉంది.

మాఘం, సంత రోజు

తాడు తెగి ఏడు నెలలు దాటింది. ఈ పేజీ తూటాలది కాదని తెలుసు. అయినా రాస్తున్నాను.

సంతకి ఈసారి పెట్టె తీసుకెళ్లలేదు. నలభై మూడు డైలనీ తుపాకీ గది అరలో పెట్టేశాను, వరహాలు తెచ్చిన ట్రెన్‌హామ్ ప్రెస్‌లో ఉంది. ఏ ఊరి తుపాకీకి ఏ కొలత కావాలన్నా తీసుకెళ్లచ్చు, కోసుకోవచ్చు, పగలగొట్టుకోవచ్చు. ఏడో కుల్‌గోడ్ వాటిలో ఒకటి, నల్లటి పువ్వుతో. మిగిలిన ఆరు దాని పక్కనే ఉన్నాయి, గుడ్డలు చుట్టలేదు.

చిదానందం తన బీరువాలోంచి పదకొండు తెచ్చి పరిచాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ఆ మాట అవసరం లేదు ఆచారిగారూ, అని మెల్లగా అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లున్నాయి. నేను సంత మధ్యలోకి వెళ్లి, అందరూ వినేలా చెప్పాను, ఈ కొండల్లో అందరికంటే పెద్ద బీరువా చిదానందంగారిది అని. కొందరు నవ్వారు. వరహాలు ఇచ్చిన మాట నెరవేరింది. 

ఇంటికొచ్చి గుడ్డల పుస్తకం తీశాను. తెలుపు క్షేమం, పసుపు జ్వరం, ఎరుపు రమ్మని, నలుపు పోయారని. దాని కింద ఖాళీ జాగా ఉంది. కాశీ దీపం దగ్గరగా జరిపాడు. అక్షరాలు వంకర పోకుండా నిదానంగా రాశాను.

ఎండలో మెరుపు, గుండె దగ్గర పట్టుకుంటే: నీకు కావలసింది నా దగ్గర ఉంది.